ఫిల్మ్ నగర్ వాలు మీద రెండో గేరు

నిన్న ఉదయం ఫిల్మ్ నగర్ నుంచి కిందికి దిగుతుంటే ముందు వెళ్తున్న కారు నుంచి బ్రేకులు కాలిన వాసన వచ్చింది. అద్దం ఎత్తబోయి ఆగాను. యాదయ్యగారు ఉంటే ఆ నడిపేవాడి మీద జాలిపడేవారు.

ఆయన ఫిల్మ్ నగర్‌లో నేను డబ్బింగ్ చెప్పే స్టూడియోలో డ్రైవరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. భార్య పోయాక టోలిచౌకిలో ఒక్కరే ఉండేవారు. నేనేమో భర్త నుంచి విడిపోయి, మధురానగర్‌లో ఒక గదితో, నాకు నడపడం రాని పాత కారుతో మిగిలాను. పగలంతా ఎవరెవరి ఏడుపులకో గొంతిచ్చి, గదికి వెళ్లాక మాట్లాడే మనిషి లేక మూగదాన్నయ్యేదాన్ని. కారు అమ్మిపెట్టమని ఆయన్ని అడిగాను. అమ్మడం ఎప్పుడైనా అమ్మొచ్చు, ముందు నేర్చుకోమన్నారు.

ఆదివారాలు పొద్దున్నే జూబ్లీ హిల్స్ వాలు రోడ్ల మీద నేర్పేవారు. స్టూడియోలో నన్ను మేడమ్ అనే మనిషి, కారులో మాత్రం బిడ్డా అనేవారు. దిగుడు వస్తే చాలు, నేను భయంతో బ్రేకు మీంచి కాలు తీసేదాన్ని కాదు. ఒకరోజు బండి ఆపించి, చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడమన్నారు. సెగ తగిలింది.

“బ్రేకును గట్ల సతాయించొద్దు బిడ్డా. దిగకముందే రెండో గేరుల వెయ్యి. క్లచ్ మెల్లగ వదులు. ఇంజనే బండిని పట్టుకుంటది.”

వదిలాను. ఎవరో కొంగు పట్టుకుని ఆపినట్టు కారు నెమ్మదించింది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, స్టూడియో నుంచి ఇద్దరం నా కారులో దిగుతుంటే, నేను తొక్కిన బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. కింద మలుపులో బడిపిల్లల ఆటో ఆగి ఉంది. ఆయన కేక పెట్టలేదు, స్టీరింగు ముట్టుకోలేదు.

“మూడు,” అన్నారు. వేశాను. “ఇగ రెండు.” ఇంజను అరిచింది. “జర ఆగి, ఒకటి.”

చివర్లో హ్యాండ్‌బ్రేకు ఆయనే మెల్లగా లాగారు. ఆటోకి బారెడు దూరంలో ఆగాం. బండి ఆగినా ఆయన హ్యాండ్‌బ్రేకు వదల్లేదు. అప్పుడు చెప్పారు, భార్య పోయింది కూడా ఇలాంటి దిగుడులోనేనని, ఆ బండి నడిపింది తానేనని. ఆ రోజు బ్రేకునొక్కదాన్నే నమ్ముకున్నారట.

మరుసటి ఏడాది చూపు మందగించిందని ఆయన్ని పనిలోంచి మాన్పించారు. చివరిరోజు నేనే ఇంటి దగ్గర దింపుతానన్నాను. అలవాటు కొద్దీ కాసేపు డ్రైవరు తలుపు దగ్గరే నిలబడి, తర్వాత అటు తిరిగి వచ్చి పక్కన కూర్చున్నారు. దిగుడు మొదలయ్యేసరికి ఆయన కుడికాలు ఉత్త నేల మీదే బ్రేకు తొక్కుతోంది. నేను రెండో గేరు వేశాను. సగం దారిలో ఆ కాలు ఆగిపోయింది. నిద్రపోయారు. టోలిచౌకి చేరాక లేపబుద్ధి కాలేదు. ఇంజను ఆపి, అలాగే కూర్చున్నాను. మెలకువ వచ్చాక సిగ్గుపడ్డారు.

“ఇంకొకలు నడిపితె నాకు కన్ను మూతవడది బిడ్డా. ఎన్నేండ్లకో ఇయ్యాల మూతవడ్డది.”

ఆ చలికాలంలోనే పోయారు. నాకు తెలిసేసరికి వారం దాటింది.

ఇప్పటికీ ఒక్కదాన్నే తిరుగుతాను. పక్క సీట్లో నా చేతిసంచి తప్ప ఏమీ ఉండదు. అయినా వాలు కనబడగానే ముందే గేరు తగ్గించి, క్లచ్ మెల్లగా వదులుతాను, పక్కన నిద్రపోతున్న మనిషికి కుదుపు తగలకూడదన్నట్టు.