ఎడమచేతి లప్పం

కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన జ్ఞానదాసు షెడ్డు. కారుకు రంగు వేయడంలో అతనంతటి చాదస్తుడు విశాఖపట్నంలో మరొకడు లేడు. పని పూర్తయిన ప్రతి బండినీ చుట్టుపక్కల మెకానిక్కులు వచ్చి అరచేత్తో తడిమి చూడడం ఆ వీధి ఆనవాయితీ. ముప్పై ఏళ్ళలో జ్ఞానదాసు బండి మీద గరుకు తగిలి ఎవరి చెయ్యీ ఎక్కడా ఆగలేదు. ఆ పేరు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదని భార్య కృపావతి దెప్పేది కూడా.

1984లో, పోర్టులో పనిచేసి రిటైరైన భీమశంకరరావు గారు తండ్రి నాటి ఇంగ్లండు కారు తెచ్చి అప్పగించారు. పాత కార్ల పోటీలో పెట్టాలట. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అచ్చం అలా ఉంటేనే మార్కులట. "అంతే కదా బాబూ" అన్నాడు జ్ఞానదాసు, సగమే విని.

మూడు నెలలు ఒళ్ళు వంచి పనిచేశాడు. బోనెట్ కింద రేకుల అతుకు మీద ఎవడో లప్పం వంకరటింకరగా పూసి, కుంచె గీతలతో అలాగే వదిలేశాడు. దొరల పనితనం ఇంతేనా అని నవ్వుకుని దాన్ని గీకేశాడు. కొత్త లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, అద్దంలా చేశాడు.

భీమశంకరరావు గారు బోనెట్ ఎత్తి చూసి కూలబడ్డారు. "ఎంత పని చేశావయ్యా దాసూ! జడ్జీలు ముందు చూసేది ఆ వంకరే. మళ్ళీ అలాగే పూసెయ్."

"సెడిపోయిన పని నా సేత్తో సెయ్యమంతారా బాబూ? రేపు బోనెట్టెత్తినోడు దాసు సేతులు పడిపోనాయంటాడు. నాను సెయ్యలేను."

పెద్దాయన కోప్పడలేదు. పనికి ముందు ఆ అతుకు కనబడేలా తీయించిన ఫోటో బల్ల మీద పెట్టారు. "ఆ గీతల ముందు నిలబడే మా నాన్నగారి దగ్గర బండి పని నేర్చుకున్నానయ్యా" అని వెళ్ళిపోయారు. ఆ మాట జ్ఞానదాసుకు రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు లప్పం గీకేసి కుంచె పట్టాడు. చెయ్యి మాట వింటేగా! వంకరగా పూద్దామంటే తిన్నగా పోతుంది. మూడుసార్లు పూసి, మూడుసార్లు తుడిచాడు. క్యారేజీ తెచ్చిన కృపావతి చూసి పకపకా నవ్వింది.

"ఎడం సేత్తో పూయి. దాంతో నీకు బొత్తాం పెట్టుకోడం కూడా రాదు."

ఫోటో చూసుకుంటూ ఎడమచేత్తో పూశాడు. సిగ్గుతో ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అది ఆరి, పైన రంగు పడ్డాక ఆనవాయితీ ప్రకారం వచ్చిన పక్క షెడ్డు సత్యం చెయ్యి అక్కడ టక్కున ఆగింది. "ఏటి బావా ఇది?" అన్నాడు. జ్ఞానదాసు తల దించుకున్నాడు.

పోటీనాడు జడ్జీ బోనెట్ కిందికి వంగి చాలాసేపు చూశాడు. "రంగంతా కొత్తది. ఈ అతుకు మాత్రం ఫ్యాక్టరీదే. దీని మీద ఎవరి చెయ్యీ పడలేదు" అన్నాడు. భీమశంకరరావు గారు జ్ఞానదాసు భుజం మీద చెయ్యేసి, "ఇదిగో, ఈయన చెయ్యి పడింది" అన్నారు. జడ్జీ నమ్మలేక మళ్ళీ వంగాడు.

మర్నాడు షెడ్డులో సత్యం వదల్లేదు. "నిజం సెప్పు బావా, ఆ వంకర పని నీదేనా?"

"నాదే" అన్నాడు జ్ఞానదాసు. ముప్పై ఏళ్ళలో ఏ పని గురించీ అతను అంత గర్వంగా చెప్పుకోలేదు.