అద్దం మీద గుడ్డ

బుకారెస్ట్‌లో చెరువుగట్టున, పల్లెల నుంచి విప్పుకొచ్చి మళ్లీ నిలబెట్టిన పాత ఇళ్లే ఒక మ్యూజియం. అందులో కొండప్రాంతపు చెక్క ఇంటికి కాపలా పరస్కీవ. గడ్డం కింద బిగించి ముడేసిన తలగుడ్డ, జేబు నిండా పొద్దుతిరుగుడు గింజలు. తొక్క ఒక్కటి కూడా ఆ వాకిట్లో పడనివ్వదు. ఎవరూ కాపురముండని ఆ ఇంటి తలుపు పొద్దున్నే తట్టి, కాసేపు ఆగి, అప్పుడే తాళం తీస్తుంది. సాయంత్రం గడపను తాకి "వెళ్ళొస్తానమ్మా" అంటుంది. చూడవచ్చినవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ, వాళ్ల సొమ్మేం పోయింది. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనేనని, ఆ ఇంటివాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతేనని వాళ్లకేం తెలుసు.

మొన్న తలుపు తీసేసరికి గోడనున్న అద్దానికి నల్లగుడ్డ కప్పి ఉంది. ఆమె చేతిలోని చీపురు జారిపోయింది. "నిన్న నువ్వెళ్లాక నేనే కప్పాను పెద్దమ్మా, ఎండ పడి అద్దం వెనక రసం ఊడిపోతోంది" అంది వెనకే వచ్చిన సోరినా, కొత్తగా కాపలాకు చేరిన పిల్ల. "దెయ్యాన్ని చూసినట్టు చూస్తావేం? తీసెయ్యనా?"

"ముట్టుకోకు. మావైపు ఇంట్లో మనిషి పోతేనే అద్దం కప్పుతారు. కప్పాక, శవం గడప దాటేదాకా తియ్యరు."

"బాగుంది. ఈ ఇంట్లో పోవడానికి ఇంకెవరున్నారు గనక?"

ప్రాణం పోయే దారికి అడ్డం ఉండకూడదన్నట్టు, పరస్కీవ చిన్న కిటికీ తెరిచిపెట్టింది. సాయంత్రం గడప మీద చాలాసేపు చెయ్యి ఉంచి, "వెళ్తున్నానమ్మా" అంది.