హీరోయిన్ పక్కన లైల్

లైల్ బ్రూబేకర్‌కి ముప్ఫై దాటాయి. అయినా లాస్ ఏంజిలిస్‌లో కుర్రకారు ప్రేమ సినిమాలు తీసేవాళ్ల దృష్టిలో అతనింకా హైస్కూలు పిల్లాడే. ప్రతి సినిమాలోనూ హీరోయిన్‌కి ప్రాణస్నేహితుడు. ఆమె గౌన్లు కొంటుంటే సంచులు మోస్తాడు. ఆమె ఏడిస్తే ఐస్‌క్రీం తెస్తాడు. ఆమె హీరోని ముద్దుపెట్టుకుంటుంటే చెట్టు చాటున నిలబడి చప్పట్లు కొడతాడు. ఈ స్నేహితుడికి మగవాళ్లంటే ఇష్టమని సినిమా పొడుగునా చెబుతారు, ఏ మగవాడన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

నిజానికి లైల్‌కి బట్టల గురించి ఓనమాలు రావు. బస్సు డిపోలో మెకానిక్ అయిన రుబెన్‌తో ఏళ్లుగా కాపురం చేస్తున్నాడు. షూటింగులో మాత్రం పెళ్లాం పిల్లలున్న డైరెక్టర్లు, "ఇంకాస్త చేతులు తిప్పు లైల్, నమ్మకం కలగట్లేదు" అనేవాళ్లు. ఇంటద్దె కట్టాలి కాబట్టి తిప్పేవాడు.

చివరికి ఒక కంపెనీ ఇద్దరు అబ్బాయిల ప్రేమకథ తీస్తానంది. లైల్ ఆశగా పరుగెత్తాడు. హీరో వేషం ట్రెంట్ హాలొవే అనే నటుడికి ఇచ్చారు. ట్రెంట్‌కి అప్పుడే ఒక ఈతగత్తెతో నిశ్చితార్థమైంది. అయినా ఈ వేషం వేయడం ఎంత సాహసమో అని పత్రికలు మెచ్చుకున్నాయి. లైల్‌కి దక్కింది మళ్లీ స్నేహితుడి వేషమే. పైగా డైరెక్టర్ మార్లా ఇంకో పని అప్పజెప్పింది. "మీ ఇంటికి తీసుకెళ్లి ట్రెంట్‌కి మీ జీవితం చూపించు. పాత్రకి లోతు కావాలి."

ట్రెంట్ వచ్చేసరికి రుబెన్ వంటింటి సింకు కింద దూరి ఉన్నాడు.

"నీళ్లు వంపమంటే సగం పాస్తా కూడా పోశావా?" అన్నాడు రుబెన్.

"జల్లెడ కనపడలేదు," అన్నాడు లైల్.

"కళ్లెదురుగానే వేలాడుతోంది."

"నీ కళ్లెదురుగా. నాకు అందేచోట పెట్టొచ్చుగా."

ట్రెంట్ కాసేపు ఓపిక పట్టాడు. "మీరెప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు.

"ఏంటి?"

"అదే, బాధ. వెలివేయడం, వానలో ఏడవడం..."

రుబెన్ తల బయటికి పెట్టాడు. "ఈ ఊళ్లో వానెక్కడిది బాబూ? ఆ టార్చి ఇలా పట్టుకో."

లైల్ నవ్వి ఉన్నదే చెప్పాడు. "మా నాన్న రెండేళ్లు మాట్లాడలేదు. ఓరోజు ఫోన్ చేసి, కారు కదలట్లేదు, ఫోన్ రుబెన్‌కి ఇవ్వు అన్నాడు."

"ఆయన ఏడ్చారా?"

"లేదు. బ్యాటరీ మార్చాడు."

ట్రెంట్ ముఖం చిన్నబోయింది.

ముద్దు సీను రోజున పైనుంచి కబురొచ్చింది: పెదవులు దగ్గరికి రాగానే కెమెరా ఆకాశం వైపు తిరగాలి, అక్కడ బాణసంచా. లైల్ చెట్టు చాటున కదలకుండా నిలబడ్డాడు.

"చప్పట్లేవి లైల్?" అంది మార్లా.

"దేనికి? వాళ్లు ముద్దు పెట్టుకోలేదుగా. తారాజువ్వలకి కొట్టనా?"

లైట్ల వాళ్లు నవ్వారు.

"ఇది అన్ని ఊళ్లలో ఆడాలయ్యా, అర్థం చేసుకో."

"ఆడనివ్వండి," అన్నాడు. మెరుపుల కోటు విప్పి, మడతపెట్టి, దుస్తులావిడ చేతికిచ్చి ఇంటికెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ఇంకో కుర్రాణ్ణి తెచ్చారు. వాడు బ్రహ్మాండంగా చప్పట్లు కొట్టాడట. సినిమా ఆడింది, ట్రెంట్ ధైర్యానికి బహుమతి కూడా వచ్చింది.

ఆ ఏడాది లైల్‌ని ఎవరూ పిలవలేదు. ఇప్పుడతను పక్క ఊరు గ్లెండేల్‌లో ఒక బుల్లి నాటకశాలలో అసూయతో రగిలిపోయే రొట్టెల వ్యాపారి వేషం వేస్తున్నాడు. కొన్ని సాయంత్రాలు హాలు సగమైనా నిండుతుంది. మూడో అంకంలో తన ప్రియుణ్ణి అప్పడాల కర్రతో వీధిదాకా తరుముతాడు. ఆ వ్యాపారి ఏమంత మంచివాడు కాదు. లైల్‌కి తెగ నచ్చాడు.