అవ్వ కూతకు వచ్చిన మంద

సుస్మిత హైదరాబాదులో స్పీచ్ థెరపీ డిగ్రీలో చేరినప్పుడు, దేవరకొండ దగ్గరి వాళ్ళ ఊళ్ళో ఆ చదువేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

"మాట్లాడుడుకు గూడ డిగ్రీయా బిడ్డా? మీ చిన్నమ్మ పుష్ప ఏ కాలేజీకి వోయింది? పొద్దుగూకేదాంక నోరు మూస్తదా?" అన్నాడు గొర్లు కాసే తండ్రి లింగస్వామి.

ఆఖరి ఏడు సెలవులకు ఆమె ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ గుర్వమ్మకు పక్షవాతం వచ్చి మాట పోయింది. మిగిలింది గొర్లను పిలిచే కూత ఒక్కటే. "హుర్ర్ర్... ఓ!" ఆకలైనా అదే, చలేసినా అదే. ఇల్లంతా చీకటయ్యాక ఒక గదిలో మిగిలిన దీపంలా ఆ కూత వెలుగుతూనే ఉంది.

చిక్కేమిటంటే, అవ్వ కూసినప్పుడల్లా మంద దొడ్డి దాటి ఇంట్లోకి వచ్చేది.

"మందను తోల్కొని మేతకు నేను కృష్ణ ఏటి దిక్కు పోవాలె, నెలలు వడ్తది. చిన్నమ్మ బువ్వ పెడ్తది గని, అవ్వకేం గావాల్నో ఎట్ల తెలుస్తది? సదువు బందు వెట్టి ఇంటికాడుండు," అన్నాడు లింగస్వామి.

"మాట వస్తది నాయినా."

"వస్తె పో. రాకుంటె ఉండు."

మాటలు పోయినా రాగం మిగలవచ్చునని, ఆ రాగం మీద మాటను కూర్చోబెట్టవచ్చునని సుస్మిత చదువుకుంది. అవ్వ చేతి మీద మెల్లగా తడుతూ, అదే కూతలో "హుర్ర్ర్... నీళ్ళో!" అని పాడేది. అవ్వ ఏ శబ్దం చేసినా బదులివ్వాలని ఇంట్లో అందరికీ చెప్పింది. ఆ మాట పాటించినవి గొర్లే. పొట్టేలయితే అవ్వకు మాటలు నేర్పడానికి సుస్మిత తెచ్చిన బొమ్మల కార్డుల్లోంచి సూర్యుణ్ణి తీసుకుని నమిలేసింది. ఆ రోజు తొందరగా చీకటి పడినట్టనిపించింది.

"గిది బడా, దొడ్డా?" అంది పుష్ప, గొర్లను దాటుకుంటూ.

లింగస్వామి బయలుదేరే పొద్దున, భుజాన గొంగడి వేసుకుంటుండగా, అవ్వ గొంతు లేచింది. "హుర్ర్ర్... నీ... ళ్ళో!"

పుష్ప మొదటిసారి మాట మానేసి చెంబు పట్టుకుని పరుగెత్తింది. గొర్లన్నీ తొట్టి దగ్గరకు పరుగెత్తాయి.

"గొర్లకు చెప్పింది గావొచ్చు," అన్నాడు లింగస్వామి.

అవ్వ నీళ్ళు తాగి మూతి తుడుచుకుంది. కొడుకు వైపు తిరిగి మనవరాలిని చూపించింది. తర్వాత గుట్టల మీదికి వదిలే గొంతుతో, "లింగా... పంపో!" అంది.

తన పేరు విని లింగస్వామి గొంగడిలో ముఖం దాచుకున్నాడు. తర్వాత హైదరాబాదు బస్సు దాకా కూతురి బ్యాగు తానే మోశాడు.

బస్సు ఆగేసరికి మంద కూడా వెంట వచ్చి చుట్టుముట్టింది. పొట్టేలు మెట్టు మీద కాలు పెట్టింది.

"ఆడగొర్లకు ఫ్రీయే కాకా, ఆధార్ చూపెట్టాలె. గా పొట్టేలుకు మాత్రం టికెట్టే," అన్నాడు కండక్టరు.

లింగస్వామి కొమ్ములు పట్టి లాగాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఒక్క గొర్రె కదలలేదు.

అప్పుడు ఇళ్ళ మీదుగా, చింతచెట్ల మీదుగా, అవ్వ గొంతు తేలుతూ వచ్చింది. "హుర్ర్ర్... పంపో!"

మంద రెండుగా విడిపోయి దారి ఇచ్చింది.