మామగారి బకెట్ పరీక్ష

మామగారి చేతికి ఏ వస్తువిచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తారు. లోపల ఏముందన్నది ఆయనకు తర్వాతి సంగతి.

కోడలికి ఈ విషయం కాపురానికి వచ్చిన రోజే తెలిసింది. పుట్టింటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. ఆయన మూత తియ్యకుండా డబ్బాను గబుక్కున తలకిందులు చేశారు. మూత వదులుగా ఉందేమో, బిస్కెట్లన్నీ నేలపాలయ్యాయి. ఆయన వాటివంక చూడను కూడా చూడలేదు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, డబ్బా అడుగున త్రికోణంలో ఉన్న అంకె చదివి, కొడుకును కేకేశారు.

"ఒరేయ్, ఐదో నంబరురా! పక్కన గ్లాసూ ఫోర్కూ బొమ్మ కూడా ఉంది. తిండికి పనికొచ్చే ప్లాస్టిక్. మంచి సంబంధం చేసుకున్నావు!"

కోడలు బిత్తరపోయి భర్తవంక చూసింది.

"అలవాటైపోతుందిలే," అన్నాడతను బిస్కెట్లు ఏరుకుంటూ.

మామగారు ముప్పై ఏళ్లు బిస్కెట్ ఫ్యాక్టరీలో సరుకు వాసన చూసి, రుచి చూసి, బాగుందో లేదో చెప్పే ఉద్యోగం చేశారు. రిటైరైన రోజు ఫ్యాక్టరీవాళ్లు గోడగడియారం ఇస్తే దాన్ని కూడా వేదిక మీదే తిరగేసి చూశారట. ఆయన్ను ఇంటికి పంపగలిగారు గానీ ఆయన ముక్కును రిటైరు చెయ్యడం వాళ్ల తరం కాలేదు. ఆ ముక్కుకు ఇప్పుడు దొరికిన పని బకెట్లు. బేకరీలకు క్రీము, జామ్, తేనె వచ్చే మూతల బకెట్లు. అవి ఖాళీ అయ్యాక చెత్తబండి ఎక్కడం ఆయన కంటితో చూడలేరు.

అందుకని రోజూ పొద్దున్నే వీధి చివర బేకరీ దగ్గర హాజరు.

"ఏమయ్యా, ఇవాళేమైనా ఖాళీ అయ్యాయా?"

"ఇంకా సగం క్రీముందండీ మాస్టారూ. రేపు రండి."

"కేకుల మీద కాస్త దట్టంగా పుయ్యవయ్యా. కొన్నవాళ్లు సంతోషిస్తారు, నాకూ బకెట్ తొందరగా వస్తుంది."

ఇంటికి వచ్చిన బకెట్‌కు జరిగే మర్యాద ఆ ఇంట్లో మనుషులకు జరగదు. ముందు చెక్క గరిటెతో జిడ్డు తీస్తారు. తర్వాత వేడినీళ్లు, సబ్బు, మెత్తటి గుడ్డ. పీచు తీసుకొస్తే ఊరుకోరు. "గీతలు పడితే మురికి అందులో కాపురం పెడుతుందమ్మా!" అని కేకలేస్తారు. మూతలోని రబ్బరు చుట్టును చెంచా కాడతో ఊడదీసి విడిగా కడుగుతారు. వాసనంతా దాక్కునేది అక్కడేనట. ఆ పైన సోడాపొడి కలిపిన నీళ్లతో ఒక రోజు, ఎండలో ఒక రోజు. చివరికి మూత బిగించి రెండు రోజులు ఉంచి, ఇంటిల్లిపాదినీ పిలుస్తారు.

"తల లోపల పెట్టు. ఊపిరి పీల్చు. ఏం తెలిసింది?"

"ఏమీ లేదు నాన్నా."

"నీకు జలుబు. నీ ఓటు చెల్లదు. అమ్మాయ్, నువ్వు రా."

కోడలు తల దూర్చింది. "కొంచెం... స్ట్రాబెర్రీ జామ్ వాసన ఉందేమో మామయ్యా?"

"శభాష్! ఫెయిల్! మళ్లీ సోడా!"

ఎంత కడిగినా వెనిగర్ వాసన వదలని సాసు బకెట్లకు మొక్కలు పెంచే ఉద్యోగం ఇస్తారు. రంగుల బకెట్లంటే మాత్రం ఆయనకు పగ. ఎదురింటి పెయింటరు ఓసారి ఖాళీ రంగు బకెట్ కడిగి అందులో పిండి పోసుకున్నాడని తెలిసి, అన్నం సగంలో వదిలేసి పరిగెత్తారు.

"రంగు డబ్బాలో పిండా? నీ కడుపేమైనా గోడ అనుకున్నావటయ్యా?"

పిండి పారబోయించి, తన జామ్ బకెట్ ఒకటి అతని వంటింట్లో పెట్టి, రంగు బకెట్‌ను నేరస్తుణ్ణి పట్టుకొచ్చినట్టు చెవి పట్టుకుని తెచ్చారు.

ఇవన్నీ నవ్వుకుంటూ భరించిన కోడలికి వెనకగది దగ్గర మాత్రం చిక్కొచ్చిపడింది. ఆ గది నిండా కప్పుదాకా బకెట్లే. ఆమెకేమో ఒక బడి నుంచి పిల్లల యూనిఫాముల ఆర్డరు వచ్చింది. నూట ఇరవై జతలు, మూడు వారాల గడువు. జీవితంలో మొదటి ఆర్డరు. సమయానికి కుట్టి ఇస్తే ఏటా ఆమెకే ఇస్తామన్నారు. ఆలస్యమైతే బజార్లోని పెద్ద దుకాణానికి పోతుంది. కుట్టుమిషను పెట్టుకోవడానికి ఇంట్లో ఆ గది తప్ప వేరే చోటు లేదు.

"సోమవారానికల్లా ఖాళీ చేస్తాను తల్లీ," అన్నారు మామగారు.

సోమవారం వచ్చింది. మిషను వచ్చి వాకిట్లో దిగింది. బకెట్లు ఒక్క అంగుళం కదల్లేదు. మామగారు యథాప్రకారం బేకరీకి వెళ్లారు. కోడలికి ఒళ్లు మండిపోయింది. నడుం బిగించి వెనకగదిలోకి దూరి, ఖాళీదే కదా అని ఒంటిచేత్తో ఒక బకెట్ లాగింది. అది కదల్లేదు గానీ ఆమె నడుం కలుక్కుమంది.

మూత తీస్తే బియ్యం. పక్కదాన్లో పప్పు. ఆ పక్కదాన్లో పిండి. ముగ్గురున్న ఇంట్లో ఇన్ని సరుకులేమిటి, ఈయన కొట్టు పెట్టబోతున్నారా అని ఆమెకు అనుమానం వచ్చింది. ప్రతి మూత మీదా ఒక టేపు ముక్క అంటించి, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. 'పరీక్ష 7, రెండో అంతస్తు.' 'పరీక్ష 11, తాపీమేస్త్రీ.' ఆమె ఒక్కొక్కటే వరండాలోకి ఈడుస్తుండగా మేడమీద రెండో అంతస్తులో ఉండే ఆవిడ వచ్చింది. ఆవిడ చేతిలో కడిగిన ఖాళీ బకెట్, రెండు చీటీలు ఉన్నాయి.

"మాస్టారు లేరా? నెల పూర్తయింది, రిపోర్టు తెచ్చానండీ."

"రిపోర్టేమిటి?"

"బకెట్ రిపోర్టు. మీకు తెలీదా?" ఆవిడ గొంతు తగ్గించింది. "మా ఆయన లిఫ్టు మెకానిక్కు కదండీ. కాలు విరిగి నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉన్నారు. మేం ఎవర్నీ ఏమీ అడగలేదు. ఒకరోజు మాస్టారే బకెట్ నిండా బియ్యంతో వచ్చారు. 'అమ్మా, ఇందులో పోసిన బియ్యానికి పాత వాసన పడుతుందేమో తెలియాలి. నెలరోజులు వండుకు తిని చెప్పాలి. మా ఇంట్లోవాళ్ల ముక్కులు పనిచెయ్యవు' అన్నారు."

స్ట్రాబెర్రీ పట్టిన ముక్కుకా ఈ మాట అని కోడలికి చురుక్కుమంది.

"మీరు నమ్మేశారా?"

"మొదటి నెల నమ్మాను. రెండో నెల పప్పూ నూనే కూడా పరీక్షకు వచ్చేసరికి అర్థమైంది. అందరికీ తెలుసండీ. ఆయనతో మాత్రం అనకండి, మాకెవరికీ తెలీదనుకుంటున్నారు పాపం!"

కోడలు చీటీలు చదివింది. మొదటిది ఆవిడది. 'బియ్యం బాగున్నాయి. వాసన లేదు. పురుగు లేదు.' రెండోది దెబ్బతగిలి పనిలోకి వెళ్లలేకపోతున్న తాపీమేస్త్రీ ఆవిడ చేత పంపినది. 'వాసన ఉందో లేదో సరిగ్గా తేలడం లేదు. ఇంకో నెల తిని చూడాలి.'

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే, ఇన్నాళ్లూ ఈ మనిషిని చాదస్తమని విసుక్కున్నందుకు సిగ్గు కూడా పడింది.

అంతలో రెండు చేతుల్లో రెండు జిడ్డు బకెట్లతో మామగారు గేటు తీశారు. వరండా చూసేసరికి ఆయన ముఖం చిన్నబోయింది.

"పారేస్తున్నావా అమ్మా? తప్పు నాదే. సోమవారం అన్నాను. ఈ పరీక్షలు... అవి కొంచెం మధ్యలో ఉన్నాయి."

"ఎవరు పారేస్తున్నారు మామయ్యా? నాకు బట్టలు కత్తిరించే బల్ల లేదు. నిండు బకెట్లయితే కదలవు కదా, రెండు వరసలుగా పెట్టి పైన పాత తలుపు పరుద్దాం. సాయం పట్టండి."

గంటలో బల్ల సిద్ధమైంది. సరిగ్గా నడుమెత్తు. మిగిలిన బకెట్లు గోడవారకు చేరాక మిషనుకు కిటికీ పక్క చోటు దొరికింది. చోటైతే దొరికింది గానీ, నూట ఇరవై జతల గుడ్డ తానులు బల్ల మీదికి ఎక్కేసరికి కోడలు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. రెండు చేతులతో మూడు వారాల్లో అయ్యే పని కాదు. ఆమె మేడమీది ఆవిడ వైపు తిరిగింది.

"మీకు కాజాలు కుట్టడం వచ్చా?"

"మా అమ్మ దర్జీయేనండీ. కాజాలేమిటి, కాలర్లు కూడా కుడతాను. ఎందుకు, మీరు కూడా ఏదైనా పరీక్ష పెడుతున్నారా?"

"పరీక్ష కాదండీ, పని. సగం జతలు మీరు, సగం నేను. వచ్చే కూలీ కూడా సగం సగం. ఏటా వస్తుంది ఈ ఆర్డరు."

ఆవిడ ఖాళీ బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని, సూది ఎక్కడుందని అడిగింది.

మామగారు మాత్రం గుమ్మంలో నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నారు. ఆయన బాధ ఆయనది.

"అమ్మా, మరి ఏడో నంబరు పరీక్ష..."

"పూర్తయిందండీ మాస్టారూ," అంది ఆవిడ దారం ఎక్కిస్తూ. "బకెట్ పాసైంది."

"పాసైందా!" అని ఆయన పొంగిపోయారు. మరుక్షణమే ముఖం వేలాడేశారు. "మంచి ముక్కు చేజారిపోయింది." అంటూనే బల్ల కింద నుంచి ఏడో నంబరు లాగి, ఆ చోట మరో నిండు బకెట్ పెట్టి, టేపు పీకేసి, భుజాన ఎత్తుకుని వీధిలోకి నడిచారు.

కాసేపటికి, పక్కింట్లో ఆ వారమే అద్దెకు దిగినవాళ్ల తలుపు తడుతూ ఆయన అడుగుతున్న మాట కిటికీలోంచి వీళ్లిద్దరికీ వినిపించింది.

"అమ్మా, మీ ఇంట్లో వాసన బాగా పట్టేవాళ్లెవరైనా ఉన్నారా?"