ముక్కుతో కొలిచిన క్లోరిన్

2019 జూన్‌లో నన్ను గురజాల వైపు ఒక మండలానికి గ్రామీణ నీటి సరఫరా అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. ఆఫీసులో మమ్మల్ని ఏఈ అంటారు, ఊళ్లలో మాత్రం నీళ్ల సారు. సాగర్ కాలువ నీటితో చెరువు నింపి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, పైపుల ద్వారా ఊరూరి ట్యాంకుకూ పంపడం మా పని. అక్కడి బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ కాబట్టి తాగడానికి ఆ నీళ్లే దిక్కు.

నేను చెప్పబోయేది 2021 వేసవి, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పటి సంగతి. ఊరి పేరు చెప్పను.

ఆ ఊరి ట్యాంకు ఆపరేటర్ కోటయ్య. ఇరవై ఏళ్లుగా అదే పని. పద్ధతి ప్రకారం అతను రోజూ వెయ్యి లీటర్లకు నాలుగు గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటిని ట్యాంకులో పొయ్యాలి. తర్వాత చివరి వీధి కుళాయి దగ్గర గాజు గొట్టంలో నీళ్లు పట్టి, కొన్ని చుక్కల మందు వేసి, వచ్చిన పసుపు రంగును పరీక్ష డబ్బా మీది రంగులతో పోల్చి చూడాలి. మామూలు రోజుల్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, రోగాల కాలంలో 0.5. కోటయ్య ఈ తతంగం పెట్టుకునేవాడు కాదు. దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసేవాడు.

"నా ముక్కుండగా డబ్బా ఎందుకు సార్?" అనేవాడు.

ఒకసారి పందెం వేసినట్టు పరీక్షించాను. అతని ముక్కు చెప్పిందే గొట్టమూ చెప్పింది. అప్పట్నుంచి అతను రిజిస్టరులో రోజూ 0.2 అని రాయడం, నెలాఖరుకు నేను సంతకం పెట్టడం. కరోనా వచ్చాక కూడా ఆ అంకె మారలేదు, నేను అడగనూ లేదు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న సామెత నా సంతకాలకు చక్కగా సరిపోతుంది.

ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. చివరి కుళాయి ఎదురింట్లో ఉండే సుబ్బాయమ్మ గారు. ట్యాంకు మీద రాయించిన నా నంబరు చూసి చేశారు.

"ఏందయ్యా, నీళ్లల్లో ఏం గలిపారు? నోట్లో పోసుకుంటే గొంతు మండుద్ది. కరోనా మందు గలిపారంట గదా!"

అలాంటి పుకార్లు రోజుకొకటి వింటున్న రోజులవి. విసుక్కుని, అదేమీ లేదన్నాను. ఆవిడ ఊరుకోలేదు. "లేకపోతే లేదులే. మా వీధోళ్లమంతా రెండ్రోజుల్నించి దిగుడుబావి నీళ్లే తెచ్చుకుంటన్నాం" అన్నారు.

గేదెలు కడిగే బావి అది. ఆ నీళ్లతో వాంతులూ విరేచనాలూ మొదలైతే ఊరంతా పాకుతాయి. నరసరావుపేట దాకా ఎక్కడా ఆసుపత్రిలో మంచం దొరకని రోజులు. వెంటనే బండి తీశాను.

కుళాయి దగ్గర గొట్టంలో చుక్కలు వేశాను. లేత పసుపు రావాల్సింది నారింజ రంగు తిరిగింది. కోటయ్యను పిలిపించి అడిగాను.

"ఈ బస్తా చచ్చింది సార్. ఎంతేసినా వాసన రావట్లా. అందుకే రోజూ ఇంకో నాలుగు గుప్పిళ్లు ఎక్కువేస్తన్నా" అన్నాడు.

బ్లీచింగ్ గాలి తగిలితే బలం తగ్గే మాట నిజమే. అయితే బస్తా మూతి విప్పగానే మాస్కులోంచి కూడా ఘాటు తగిలి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోటయ్య మాత్రం మాస్కు కిందికి లాగి, బస్తా మీదికి వంగి, "చూడండి, ఏమన్నా వస్తందా?" అన్నాడు.

నేను నాలుగడుగులు వెనక్కి వేసి, పొద్దున ఏం తిన్నాడో అడిగాను. గోంగూర అన్నాడు. పుల్లగా ఉందా అంటే మాస్కు పైకి లాక్కున్నాడు.

"నాలుగు రోజుల్నించి ఏది తిన్నా గడ్డి తిన్నట్టే ఉంది సార్" అన్నాడు మెల్లగా.

పరీక్షలో పాజిటివ్ వచ్చింది. జ్వరం లేదు, దగ్గు లేదు, పోయింది ముక్కొక్కటే. ఇంట్లో విడిగా ఉండమని చెప్పి, ఆక్సిజన్ చూసుకోవడానికి ఆశా కార్యకర్తకు అప్పగించాను. పక్క ఊరి ఆపరేటర్‌ను పిలిపించి, ట్యాంకు అడుగు వాల్వు తిప్పి సగం నీళ్లు వదిలించి, కొత్త నీళ్లు నింపించాను. సాయంత్రానికి గొట్టంలో 0.5 చూపింది.

నీళ్లు బాగైనా జనం కుళాయి దగ్గరికి రాలేదు. కోటయ్య చెయ్యి పెట్టిన నీళ్లు తాగితే మాకూ వస్తుందేమోనని సుబ్బాయమ్మ గారు ముఖానే అడిగారు. క్లోరిన్ సరిగా ఉన్న నీళ్లలో ఆ క్రిమి బతకదని చెప్పి, ఆవిడ ముందే ఒక గ్లాసు తాగాను. ఆవిడ చలించలేదు.

"నువ్వు ఇయ్యాల తాగి పోతావు. మేం రోజూ తాగాల. రేపు నీళ్లు మంచియ్యో కాదో మాకెట్టా తెలుసుద్ది?"

ఉద్యోగంలో అంత న్యాయమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. డబ్బా ఆవిడ చేతికే ఇచ్చి, చుక్కలు వెయ్యడం, రంగు పోల్చడం నేర్పాను. మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే గొట్టం పైకెత్తి వీధికంతటికీ చూపించేవారు. రంగు తేడా వస్తే నాకు ఫోను, దాంతోపాటు చీవాట్లు. వారం తిరిగేసరికి దిగుడుబావి దారిలో బిందెలు కనబడలేదు. ఆ వేసవిలో ఆ ఊరి నుంచి ఒక్క విరేచనాల కేసూ రాలేదు.

కోటయ్య మూడు వారాలకు డ్యూటీకి వచ్చాడు. ముక్కు రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఒక పొద్దున ఫోను చేసి, "సార్, వాసనొస్తంది!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నాకూ పట్టరాని సంతోషం వేసింది. అయినా చుక్కలు వేశావా అని అడిగాను.

"ఏశా సార్. సుబ్బాయమ్మొదిన ఊరుకుంటదా?" అన్నాడు.

ఆ నెలాఖరున రిజిస్టరు తెరిచాను. 0.4, 0.5, 0.3, ఒకరోజు 0.1, పక్కనే "సరిచేశా" అన్న మాట. అంకెలన్నీ ఒక తీరున లేవు. సంతోషంగా సంతకం పెట్టాను. రిటైరయ్యేదాకా, నెలంతా ఒకే అంకె ఉన్న రిజిస్టరు మీద మళ్లీ సంతకం పెట్టలేదు.