ఒక్కడి చెయ్యి

మా చెల్లెలి భర్త పోర్టులో ముప్పై ఏళ్లు క్రేన్ కింద నిలబడి సైగలు చేశాడు. ఎత్తు, దించు, పక్కకి జరుపు, అన్నీ చేత్తోనే. చుట్టూ ఎంతమంది ఉన్నా సైగ చేసేది ఒక్కడే. క్రేన్ డ్రైవరు ఆ ఒక్కడి చెయ్యి తప్ప ఇంకెవరినీ చూడకూడదు. రిటైరయ్యాక బావ ఈ నియమాన్ని వన్ టౌన్‌లో తన ఇంటికి తెచ్చుకున్నాడు. అక్కడితో ఆగాడా, దేశానికే తగిలించాడు. నలుగురూ నాలుగు మాటలంటే పని పాడవుతుందనీ, గట్టివాడొకడుంటే చాలనీ టీవీ ముందు కూర్చుని నాకు పాఠం చెప్పేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఓట్లయ్యేదాకా ఉండే కబుర్లే కదా అనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

మొన్న వేసవిలో మా మేనకోడలు, హాస్టల్ పిల్లలకి నీళ్లు రావడం లేదని కాలేజీ గేటు దగ్గర ధర్నాలో కూర్చుంది. ఎవరో ఫొటో తీసి బావ ఫోనుకి పంపారు. మర్నాటి నుంచి పిల్లకి కాలేజీ బంద్. డిగ్రీ ఆఖరి పరీక్షలు ఇంకో పది రోజుల్లో ఉన్నాయి. చెల్లి ఏడుస్తూ ఫోన్ చేస్తే పరుగెత్తాను.

వీధి తలుపుకి కొత్తగా రెండో గడియ బిగించి ఉంది. బావ కోపంగా ఉంటాడనుకున్నాను. మనిషి బెదిరిపోయి ఉన్నాడు. పోలీసులు వస్తారట, కేసు పెడతారట, పిల్ల బతుకు నాశనమైపోతుందట. నాకు జాలీ వేసింది, ఒళ్లూ మండింది.

తను చెప్పిన పాఠమే తనకి అప్పజెప్పాను. ఎత్తమనడానికి ఒక్కడే గానీ, ఆపమని మాత్రం ఎవరైనా చెయ్యెత్తొచ్చు, నిన్న చేరిన కూలీ ఎత్తినా డ్రైవరు ఆపి తీరాలని నువ్వే కదా చెప్పావు బావా అన్నాను.

బావ లేచి వెళ్లి ఆ రెండో గడియ కూడా వేసొచ్చాడు.

"అప్పుడు ఆ బరువు కింద నా పిల్ల నేదు, బావా."

ఇంతలో పిల్లే గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నాన్న సెప్పిందే రైటు మావయ్యా. నాను ఎల్లను. మీరు దెబ్బలాడుకోకండి."

బావ ఊపిరి వదిలాడు. చెల్లి కళ్లు తుడుచుకుని కంచాలు పెట్టింది. ఇల్లంతా ఒక్కసారిగా చల్లబడింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకూ హాయిగానే అనిపించింది. చేపల పులుసు బాగుందని రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.

పిల్ల పరీక్షలు రాయలేదు.